నోట రాని పేరు

మా పెదనాన్నను దేశమంతా అబూ ఇనాల్ అని పిలిచేది, అంటే ఇనాల్ తండ్రి అని. అరబ్బుల్లో అది మర్యాద. పెద్ద కొడుకు పుట్టిన రోజు నుంచీ మనిషి అసలు పేరు మూలనపడి, కొడుకు పేరుతోనే వ్యవహారమంతా నడుస్తుంది. పార్లమెంటు స్పీకరు మొదలుకుని వాదీ సీర్ బజారులో పుచ్చకాయలమ్మే మనిషి దాకా అందరి నోటా అదే మాట. ఆ ఇనాల్ అనే పేరును ఒక్కసారి కూడా పలకని మనిషి మొత్తం జోర్డాన్‌లో ఒక్కరే ఉన్నారు. ఆయన మా పెదనాన్నే.

మేం చెర్కెస్సులం. రష్యా సైన్యం కాకసస్ కొండల్లోంచి తరిమేస్తే మా ముత్తాతలు ఎడ్లబండ్ల మీద ఇక్కడికి వచ్చి పడ్డారు. మాలో తండ్రి పెద్దల ఎదుట కన్నబిడ్డను ఎత్తుకోడు, ముద్దుచేయడు, పేరు పెట్టి పిలవడు. బిడ్డ కోసం ఎవరినీ ఏదీ అడగడు. అన్నబిడ్డనో తమ్ముడిబిడ్డనో మాత్రం చంకనేసుకుని ఊరంతా తిరగవచ్చు. నేను తమ్ముడి కొడుకును. నాన్న నా చిన్నతనంలోనే పోయాడు కాబట్టి పెదనాన్న ఒడి నాకు దక్కింది. జేబులోంచి తీసిన బాదం మిఠాయి నాకు దక్కింది. నాకంటే ఏడాది చిన్నవాడు ఇనాల్ గుమ్మం పట్టుకుని చూసేవాడు. నాకు దక్కిందంతా వాడిదేనని అప్పుడు నాకేం తెలుసు.

ఆ కట్టుబాటు మాలో చాలా ఇళ్ళలో ఎప్పుడో సడలింది. పిల్లల్ని భుజాలకెత్తుకుని బజారుకు పోయే చెర్కెస్ తండ్రులు కావలసినంతమంది ఉన్నారు. పెదనాన్న మాత్రం వదల్లేదు. నలుగురూ తనను బట్టే మావాళ్ళందరినీ అంచనా వేస్తారని ఆయన నమ్మకం. బడిపంతులుగా మొదలై, మూడుసార్లు పార్లమెంటుకు వెళ్ళి, ఒకసారి మంత్రి కూడా అయిన మనిషి. ఎన్నికలొస్తే ఎదుటి పక్షం వాళ్ళు బండ్లలో వచ్చినవాళ్ళు బండ్లలోనే పోవాలని గోడల మీద రాసేవారు. ఆయన చదివి, అక్షరాలు బాగా రాశారని మెచ్చుకుని ముందుకు సాగేవారు.

ఆయన్ను ఇంతవాణ్ణి చేసింది కూడా ఆ పరాయితనమే. ఏ తెగకూ చెందనివాడు గనక అన్ని తెగలూ ఆయన్ను రాజీకి పిలిచేవి. ఒక ఇంటివాడి చేతిలో ఇంకో ఇంటివాడు చనిపోతే పెద్దలు బృందంగా మృతుడి ఇంటికి వెళ్తారు. దాన్ని జాహా అంటారు. ఇంటాయన చిన్న గిన్నెలో కాఫీ పోసి ఇస్తాడు. జాహా పెద్ద దాన్ని తాగకుండా ముందు పెట్టుకుని తాము వచ్చిన పని చెబుతాడు. ఇంటాయన మనసు కరిగితే, 'మీ కాఫీ తాగండి, అడిగింది ఇచ్చాం' అంటాడు. అప్పుడు తాగాలి. అడగకుండా తాగేస్తే ఇక అడిగేదేమీ లేదని అర్థం, అక్కడితో సరి. అలాంటి గిన్నెలు పెదనాన్న జీవితంలో ఎన్ని ముందు పెట్టుకున్నారో, ఎన్ని ప్రాణాలు వెనక్కి తెచ్చారో నాకు తెలుసు. కారు నడిపింది నేనే.

నేను చెప్పేది ఆయన నాలుగోసారి ఎన్నికల్లో నిలబడిన సంగతి. ఆలివ్ కాయలు కోతకొచ్చిన కాలం. ఎన్నికల గుడారం మా ఇంటి పక్క ఖాళీ స్థలంలో వేశారు. మొదటి రోజు సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే మా కుర్రాళ్ళు అకార్డియన్ తెచ్చారు, చెక్కతాళాలు తెచ్చారు, ఆట మొదలైంది. ఇనాల్ దిగాడు. వాడు నేలమీద నడిస్తే ఏదో మామూలు మనిషి, ఆటలోకి దిగితే మాత్రం కళ్ళు తిప్పుకోలేం. వేళ్ళ మీద లేచి, నడుం నిటారుగా, చేతులు బారచాచి తనతో ఆడే అమ్మాయి చుట్టూ తిరుగుతుంటే ముసలివాళ్ళు కూడా తాళం అందుకున్నారు.

పెదనాన్న పెద్దల వరసలో కూర్చుని ఉన్నారు. నేను ఆయన వెనకే ఉన్నాను. ఆటలో ఇనాల్ ఆయన ముందుకొచ్చిన క్షణంలో ఆయన ముఖం ఎత్తి వాడివైపు చూసి నవ్వారు. పెద్ద నవ్వేం కాదు. మీసం కింద కాస్త కదలిక. ఇరవై అయిదేళ్ళలో ఆయన వాణ్ణి చూసి నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి. ఇనాల్ కూడా చూశాడు. చూసి ఒక్క గెంతు గెంతి, నడుముకున్న మా తాత పిస్తోలు తీసి ఆకాశంలోకి కాల్చాడు. మా పెళ్ళిళ్ళలో ఆటగాడు అలా కాల్చడం తాతల నాటి ముచ్చట. ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆట సాగుతూనే ఉంది.

కాసేపటికి ఎదురుగా ఉన్న కొండవాలు ఇళ్ళలోంచి ఒక ఆడమనిషి ఏడుపు వినిపించింది.

అది నీళ్ళొచ్చే రోజు. ముత్లిఖ్ అనే కుర్రాడు నీళ్ళ తొట్టి నిండిందో లేదో చూడటానికి మేడ మీదికి ఎక్కాడు. గుండు పైనుంచి వచ్చి మెడలో దిగింది. హజ్లాన్ తెగవాళ్ళ పిల్లాడు, టెక్నికల్ కాలేజీలో చదువుతున్నాడు, ఇంటికి పెద్దకొడుకు. కాబట్టి వాళ్ళ నాన్నను ఊరంతా అబూ ముత్లిఖ్ అంటుంది.

ఇనాల్ పారిపోలేదు. పిస్తోలు నా చేతికిచ్చి నడుచుకుంటూ పోలీసుస్టేషనుకు వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ ఒక్కసారి పెదనాన్న కూర్చున్న వైపు చూశాడు. పెదనాన్న నేల చూపులు చూస్తున్నారు.

మా ఇంట్లో దీపం వెలిగించిన గుర్తు నాకు లేదు ఆ వారమంతా. పెదనాన్న పోటీలోంచి తప్పుకుంటానన్నారు. మా పెద్దల్లో పెద్ద హాజీ కుబాత్ ఒప్పుకోలేదు. ఈ సీటు నీది కాదు, మన జాతిది, నీ ఇంటి కష్టానికి దాన్ని బలిపెట్టే హక్కు నీకు లేదన్నాడు. ఇనాల్ పేరు ఆయనా ఎత్తలేదు, పెదనాన్నా ఎత్తలేదు. ఇద్దరూ 'జరిగినదాన్ని' గురించి మాట్లాడుకున్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మధ్యవర్తులు తిరిగారు. మొదట కొన్నాళ్ళపాటు పగ తీర్చుకోబోమని హజ్లాన్ వాళ్ళు గడువు ఇచ్చారు. ఇక మిగిలింది రాజీ. వాళ్ళు తమ హక్కు వదులుకుంటే ఇనాల్‌కు బెయిలు వస్తుంది, శిక్ష నెలల్లోకి దిగుతుంది. లేకపోతే ఏళ్ళు. మామూలుగా ఇలాంటి జాహాకు నేరస్థుడి తండ్రి నోరెత్తడు, వేరే ఇంటి పెద్ద ఎవరో మాట్లాడతారు. మాట్లాడటానికి ఇద్దరు మాజీ మంత్రులు సిద్ధంగా ఉన్నారు కూడా. అబూ ముత్లిఖ్ మాత్రం ఆ ఇద్దరినీ వద్దన్నాడని కబురొచ్చింది. మా పెదనాన్న షంసుద్దీన్ బేగే స్వయంగా రావాలట, తన నోటితో తన కొడుకును పేరు పెట్టి అడగాలట. అలా అడిగితే ఆ మాట నేల పడకముందే ఇచ్చేస్తానన్నాడట. అంతకు మించి ఏమీ వద్దట.

కబురు తెచ్చినవాడు ఇంత తేలిగ్గా తేలిందని సంతోషంగా చెప్పాడు. కుబాత్ ముఖం మాడిపోయింది. పెదనాన్న లేచి లోపలికి వెళ్ళిపోయారు.

మా ఇంట్లో భార్యాభర్తలు ఎదురెదురుగా మాట్లాడుకోవడం కూడా తక్కువే. పెద్దమ్మ పేరు జాన్సెత్. ఆయన ఆమె పేరు పలకరు, ఆమె ఆయన పేరు పలకదు. ఏదైనా చెప్పుకోవాల్సి వస్తే మధ్యలో నేనుంటాను. ఆ రోజు పెద్దమ్మ వంటింట్లో పిండి కలుపుతూ, పక్కగదిలోకి వినపడేంత గట్టిగా నాతో మాట్లాడింది.

"తెమిర్, మీ పెదనాన్నకి చెప్పు. ఎంత పేరురా అది, నోటికి పట్టనంత పెద్దదేం కాదుగా. నేను రోజుకి వందసార్లు పిలుస్తా, నా నోరేం పడిపోలేదు. ఆయన పార్లమెంటులో గంటలు గంటలు మాట్లాడతారంట కదా. ఒక్క మాట. ఒక్కటంటే ఒక్కటి. ఆ తర్వాత జన్మంతా మాట్లాడకపోయినా నేనేం అడగను."

నేను తొంగి చూస్తే పెదనాన్న మంచం అంచున కూర్చుని చేతులు చూసుకుంటున్నారు. వద్దని మాత్రం అనలేదు. పెద్దమ్మ దాన్నే సరే అనుకుంది. మర్నాడు వాడు రాగానే తింటాడని జున్ను కూరిన హలీవలు చుట్టి పళ్ళెం నిండా పేర్చి గుడ్డ కప్పింది. వాడు వచ్చాక వేడిగా వేయిస్తానంది.

జాహాకు వెళ్ళేటప్పుడు పెదనాన్న నా కారులో వెనక కూర్చున్నారు. కుబాత్, తక్కిన మా పెద్దలు వేరే కార్లలో వెనక వస్తున్నారు. కొండ దిగి మళ్ళీ కొండ ఎక్కుతుంటే అద్దంలో చూశాను. ఆయన పెదవులు కదులుతున్నాయి. పిల్లలు పాఠం అప్పజెప్పే ముందు లోలోపల చదువుకుంటారే, అలాగ. మొదట ప్రార్థన చేసుకుంటున్నారనుకున్నాను. కాసేపు చూశాక అర్థమైంది. నోరు అదే చిన్న ఆకారంలోకి వస్తోంది, ఆగిపోతోంది, మళ్ళీ మొదలవుతోంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పేస్తారనుకున్నాను. దేవుడి సాక్షిగా చెప్పేస్తారనే అనుకున్నాను.

"అక్కడ నువ్వు నా పక్కనే కూర్చో నాన్నా" అన్నారు దిగేటప్పుడు.

పొడుగాటి నల్లగుడారంలో హజ్లాన్ మగవాళ్ళు ఒక వరసలో, మేం ఎదురు వరసలో కూర్చున్నాం. అబూ ముత్లిఖ్ బక్కపలచని మనిషి, గడ్డం మాసి ఉంది. తనే లేచి వచ్చి కాఫీ పోశాడు. పెదనాన్న గిన్నె అందుకుని, పద్ధతి ప్రకారం ముందు పెట్టుకున్నారు.

అబూ ముత్లిఖ్ కూర్చోలేదు.

"అబూ ఇనాల్, పదేళ్ళ కింద మా తమ్ముణ్ణి లారీ కింద తొక్కినవాడి కోసం నువ్వే వచ్చావు. ఈ చోటే కూర్చున్నావు. నీ మాటలకి మా అమ్మ కూడా లోపల ఏడ్చింది. ఇచ్చేశాం. ఇప్పుడు నాకు అన్ని మాటలొద్దు. జనం నన్ను అబూ ముత్లిఖ్ అనే పిలుస్తున్నారు ఇంకా. పిలిచినప్పుడల్లా పలుకుతున్నా. ఎవరొచ్చినా మా వాడి పేరు చెప్పి, ఎట్లా పోయాడో చెప్పి, మళ్ళీ చెప్పి, నా గొంతు ఎండిపోయింది. నువ్వొక్కసారి నీ వాడి పేరు చెప్పు. నా కొడుకు ఇనాల్‌ని నాకు ఇయ్యి అను. ఇచ్చేస్తా. నాకు తండ్రి ఒకడు ఎదురుగా కనబడాలి, అంతే."

మా పెద్దలంతా వరసగా, తలపాగాలతో, టోపీలతో, నేల చూస్తూ కూర్చున్నారు. పెదనాన్న ముందుకు వంగారు. ఆయన మెడనరం కదిలింది. పెదవులు ఆ చిన్న ఆకారంలోకి వచ్చాయి. నేను నా మోకాలిని ఆయన మోకాలికి తాకించాను. కాఫీ మీద ఆవిరి తగ్గి, తగ్గి, ఆగిపోయింది. హజ్లాన్ వాళ్ళలో ఒక ముసలాయన, చెప్పవయ్యా, మేం వింటున్నాం అన్నాడు, ఎంతో నెమ్మదిగా, ఆశగా కూడా.

పెదనాన్న గిన్నె ఎత్తి కాఫీ తాగేశారు.

అబూ ముత్లిఖ్ ఆ ఖాళీ గిన్నెను చూస్తూ ఉండిపోయాడు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. మనిషి ఉన్నచోటే కాస్త కుంగినట్టయ్యాడు.

"తాగావు" అన్నాడు. "అయితే మా దగ్గర నీకు పనేం లేదన్నమాట. అతిథివి. వెళ్ళి రా."

బయటికొస్తుంటే కుబాత్ పెదనాన్న చెయ్యి పట్టుకుని, తాతల పరువు నిలబెట్టావని గొణిగాడు. ఆ ముసలాణ్ణి ఆ కొండ మీంచి తోసెయ్యాలనిపించింది నాకు. పెదనాన్న చెయ్యి విడిపించుకుని వచ్చి కారులో కూర్చున్నారు. దారిలో ఆయన పెదవులు కదల్లేదు.

పెద్దమ్మ పొయ్యి మీద నూనె పెట్టి ఉంచింది. నా ముఖం చూసి, ఏమైందని కూడా అడగలేదు, ఆయన తాగారా అని అడిగింది. తాగారన్నాను. పొయ్యి కట్టేసింది. పళ్ళెం తీసుకెళ్ళి పెరట్లో కోళ్ళకు పోసింది. ఆ ఏడు మా ఆలివ్ చెట్ల కింద కాయలు రాలి నల్లబడిపోయాయి. కొయ్యడానికి ఎవరూ గుడ్డ పరవలేదు.

ఆ తర్వాత జరిగింది తలచుకుంటే నాకిప్పటికీ నోరు చేదవుతుంది. ఒక పత్రికవాడు, కన్నకొడుకు కోసం కూడా చెయ్యి చాచని నాయకుడని రాశాడు. ఇంకొకడు చట్టం ముందు తన రక్తమైనా ఒకటేనన్న మనిషి అన్నాడు. పలుకుబడి ఉన్నవాడు కొడుకును విడిపించుకోవడం అందరూ చూసిందే, వద్దనుకున్నవాణ్ణి ఎవరూ చూడలేదు. గోడల మీద బండ్ల రాతలు ఎవరో సున్నం కొట్టి చెరిపేశారు. టీ కొట్టు దగ్గర, మనలో ఇలాంటివాడు ఒక్కడైనా ఉన్నాడా అని తెగలవాళ్ళే ఒకరినొకరు ఎత్తిపొడుచుకున్నారు. వందేళ్ళ నుంచి ఇక్కడ బతుకుతూ ఏనాడూ దొరకని 'మనవాడు' అనే మాట పెదనాన్నకు ఆ నెలలో దొరికింది. ఆయన ప్రతి సభకూ వెళ్ళారు. చెప్పాల్సింది చెప్పి దిగిపోయేవారు. చప్పట్లు కొడుతుంటే వినబడనట్టు నిలబడేవారు.

నేను జైలుకు వెళ్ళాను. ఇనాల్ సన్నబడ్డాడు. జాలీకి అటువైపు కూర్చుని, వాళ్ళమ్మ ఎలా ఉందో అడిగాడు, కాయలు కోశారా అని అడిగాడు. నేనే ఆగలేక చెప్పేశాను.

"తెలుసు" అన్నాడు. "ఇక్కడ అందరికీ తెలుసు. నన్ను చూసి లేచి నిలబడుతున్నారు, గొప్పవాడి కొడుకునంట."

"నువ్వు ఆయన్ని తిట్టరా. ఒక్కసారి తిట్టు. నాకు మనసు కుదుటపడుద్ది."

వాడు తల అడ్డంగా ఊపాడు. చాలాసేపు జాలీలో వేలు పెట్టి గీస్తూ కూర్చున్నాడు.

"అన్నా, ఆ రోజు ఆటలో నన్ను చూసి నవ్వాడు కదా. నువ్వు వెనకే ఉన్నావు. నవ్వాడా, నాకట్లా అనిపించిందా?"

నవ్వారని చెప్పాను. నిజంగానా అని మళ్ళీ అడిగాడు. నిజంగానే అన్నాను. వాడు తృప్తిగా తల ఊపాడు. నేను బయటికొచ్చి జైలుగోడకు ఆనుకుని ఏడ్చాను. వాడికి తర్వాత ఏడేళ్ళు పడ్డాయి.

నవంబరులో వాన పడుతున్న రోజున ఫలితాలు వచ్చాయి. పెదనాన్న ఏనాడూ గెలవనంత గొప్పగా గెలిచారు. మధ్యాహ్నానికల్లా ఇల్లు నిండిపోయింది. కుబాత్, మా పెద్దలు, తెగల పెద్దలు, గెలిచినవాణ్ణి కలుపుకుపోదామని వచ్చిన పార్టీ మనుషులు, అందరూ ముందుగదిలో గోడల వెంట కూర్చున్నారు. బయట వానలో జనం గొడుగులు కూడా లేకుండా నిలబడి అబూ ఇనాల్, అబూ ఇనాల్ అని అరుస్తున్నారు. తుపాకులు మాత్రం ఎవరూ కాల్చలేదు. నేను కాఫీ పోస్తున్నాను.

లోపలి తలుపు తెరుచుకుని పెద్దమ్మ వచ్చింది. బయటికి వెళ్ళేప్పుడు వేసుకునే నల్లకోటు వేసుకుని ఉంది, చేతిలో సంచీ ఉంది. గదిలో మగవాళ్ళంతా ఒక్కసారిగా లేచారు. ఆడమనిషి వస్తే లేచి నిలబడటం మాలో తొంభై ఏళ్ళ ముసలివాడికైనా తప్పదు. పెదనాన్న అందరికంటే ముందు లేచారు.

ఆమె గది మధ్యకు వచ్చి ఆగింది.

"షంసుద్దీన్" అంది.

ముప్పై ఏళ్ళ కాపురంలో ఆ పేరు ఆమె నోట ఆ ఇంటి గోడలు కూడా విని ఉండవు. ఆమె గొంతు పెంచలేదు. పక్కింటివాళ్ళను పలకరించినట్టే పలికింది.

"షంసుద్దీన్, చూశావా, నాకేం కాలేదు. పేరు పిలిస్తే ఎవరూ చావరు. నీ కొడుకు పేరు ఇనాల్. నేను వాడి జైలు దగ్గర గది తీసుకుంటున్నాను. నువ్వెప్పుడైనా వస్తే, గేటు దగ్గర పేరు చెప్పాలి. చెప్పకపోతే లోపలికి పంపరు."

నావైపు తిరిగి, కారు తియ్యి తెమిర్ అంది. సంచీ అక్కడే పెట్టి గుమ్మం దాటింది. ఆమె వెళ్ళాక మగవాళ్ళు ఒక్కొక్కరే సర్దుకుని, ఒకరి ముఖం ఒకరు చూడకుండా కూర్చున్నారు. పెదనాన్న కూర్చోలేదు. నేను సంచీ తీసుకుని ఆయన పక్కనుంచే వెళ్ళాను. ఆయన నన్ను చూశారు. జాహాకు వెళ్తూ అద్దంలో కనిపించినట్టే పెదవులు ఆ చిన్న ఆకారంలోకి వచ్చాయి. నేను ఆగాను. సంచీ చేతిలో పట్టుకుని, ఆయన ఊపిరి నా ముఖానికి తగిలేంత దగ్గరగా నిలబడి ఎదురుచూశాను. బయట వానలో జనం ఆ పేరు అరుస్తూనే ఉన్నారు. లోపల ఆయన నోట మాత్రం శబ్దం రాలేదు. పెద్దమ్మ కారులోంచి హారన్ కొట్టింది, నేను వెళ్ళిపోయాను.